సాక్ష్యం రాసిన పేపరు

మా కావ్యశ్రీ లెక్కల్లో తప్పి ఉంటే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. తప్పింది రిలీజియస్ స్టడీస్‌లో. క్రైస్తవుల ముఖ్యమైన నమ్మకాల మీద పేపరు. అందులో మా ఇంటి పిల్ల తప్పింది.

మాది గుంటూరు జిల్లా. తాతల కాలం నుంచి లూథరన్ సంఘం. ఇప్పుడు ఉండేది విదేశంలో. నా పేరు రామారావు కావడంతో హామిల్టన్‌లో కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళు నన్ను సత్యనారాయణ వ్రతానికి పిలుస్తుంటారు. నేను విషయం చెప్పాక వాళ్ళు కాస్త ఇబ్బంది పడతారు, నేను భోజనానికి వస్తాననేసరికి సర్దుకుంటారు. నా భార్య నాగమణి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. నేను ఐటీఐ ఫిట్టర్ని. పాడి రైతుల దగ్గరికి వ్యాన్‌లో తిరిగి పాలు పితికే యంత్రాలు బాగుచేస్తాను. రోజూ సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో ప్రార్థన ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఇరవై తెలుగు కుటుంబాలం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. అక్కడ సండే స్కూలు చెప్పేది నేనే. పన్నెండేళ్ళుగా చెబుతున్నాను.

కావ్య చదివేది కాథలిక్ ఆడపిల్లల స్కూల్లో. మేం కాథలిక్కులం కాకపోయినా, పొద్దున్నే ప్రార్థనతో మొదలయ్యే స్కూలు మంచిదే కదా అని చేర్పించాం. ఆ ఏడాది స్కూల్లో ఆఖరి ఏడాది. టీచర్ కావాలని దాని కోరిక. యూనివర్సిటీలో సీటు రావాలంటే మూడు సబ్జెక్టుల్లో కావలసినన్ని క్రెడిట్లు ఉండాలి. ఇంగ్లీషు, బయాలజీ ఒడ్డున పడ్డాయి. కెమిస్ట్రీలో సగంలోనే చేతులెత్తేసింది. ఇక మూడోది రిలీజియస్ స్టడీస్ ఒక్కటే. దానికి ట్యూషన్ ఎందుకు, ఇంట్లోనే ఉంది కదా అని అందరికీ చెప్పుకున్నాను.

సెప్టెంబరులో ప్రాక్టీస్ పరీక్ష పేపరు ఇంటికొచ్చింది. పైన నాట్ అచీవ్డ్, అంటే తప్పినట్టు, అని ఉంది. కింద టీచర్ మిసెస్ కీగన్ ఒక మాట రాశారు. ఇందులో ఎంతో భక్తి ఉంది, కానీ అడిగిన ప్రశ్నకు జవాబు లేదు అని.

ప్రశ్న పెద్ద కష్టమైందేమీ కాదు. కాథలిక్ సంఘం నమ్మే ఒక ముఖ్య విషయం తీసుకుని, అది ఎక్కడి నుంచి వచ్చిందో, నమ్మినవాళ్ళు దాని వల్ల ఎలా బతుకుతారో వివరించమన్నారు. కావ్య రెండున్నర పేజీలు రాసింది. మొదట ఒక బైబిల్ వాక్యం. తర్వాత వాళ్ళమ్మకు ఆపరేషన్ అయినప్పుడు మేం మూడు రోజులు ఉపవాసం ఉండటం, డాక్టరు ఇంత త్వరగా కోలుకుంటుందనుకోలేదని అనటం. చివర దేవునికి స్తోత్రం. మా ఆరాధనలో ఎవరైనా లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఉండకేం చేస్తుంది? ఏమీ తోచకపోతే దేవుడు మనకు చేసింది రాయి, అందులో అబద్ధం ఉండదు అని పరీక్ష ముందురోజు చెప్పి పంపింది నేనే.

నాకు ముందు ఆ టీచర్ మీదే కోపం వచ్చింది. స్కూలుకు వెళ్ళి అడుగుతానన్నాను. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాగమణి బూట్లు విప్పుతూనే పేపరంతా చదివింది.

"ఏవండీ, ఈ మందు ఎలా పనిచేస్తుందని డాక్టరు గారు అడిగారనుకోండి. మా ఇంటాయనకు తగ్గిందండీ అంటే ఊరుకుంటారా?" అంది.

నేను పేపరు మళ్ళీ మొదటి నుంచి చదివాను. కాసేపటికి, క్లాసులో ఈ పేపరు బాగా రాసింది ఎవరని కావ్యను అడిగాను. అది నా ముఖం చూడకుండా, లాస్యకు ఎక్సలెన్స్, అన్నిటికన్నా పై గ్రేడు, వచ్చిందని చెప్పింది.

లాస్య అంటే నర్సయ్య కూతురు. మా వీధి చివర డైరీ వాళ్ళదే. పాలు, బ్రెడ్డు, లాటరీ టికెట్లు, పిల్లలకు చాక్లెట్లు అమ్మే కొట్టును ఇక్కడ డైరీ అంటారు. వాళ్ళది జగిత్యాల. కౌంటరు వెనక వెంకటేశ్వరస్వామి పటం, దానికి చిన్న చిన్న బల్బులు, పొద్దున్నే అగరొత్తి. ఆ కొట్టుకు వెళ్ళి క్రీస్తు గురించి మా పిల్లకు నేర్పించమని అడగటానికి నాకు కాళ్ళు రాలేదు. రెండు రోజులు పాలు సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చాను. మూడో రోజు సిగ్గుపడుతూనే వెళ్ళాను. పరీక్షకు ఏడు వారాలే ఉన్నాయి. నా సిగ్గు కోసం అది ఆగదు.

లాస్య కౌంటరు దగ్గరే కూర్చుని ఉంది. నేను విషయం చెబుతుంటే నర్సయ్య బిస్కెట్ పెట్టెలు సర్దడం ఆపి విన్నాడు.

"ఏంది రామారావన్నా, మీ దేవుని పాఠం మా పిల్ల చెప్పాల్నా?"

"చెప్పాలండీ. మాకు చేతకాలేదు."

అలా ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదు. ఎగతాళి చేద్దామని తెరిచిన నోరు మూసుకుని కూతురి వైపు చూశాడు. లాస్య శనివారం పొద్దున పది గంటలకు వస్తానంది. ఫీజు మాట నేను ఎత్తబోతే నర్సయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "గవన్నీ వద్దు గని, గా ఫ్రీజర్ తలుపు సక్కగ పడ్తలేదు. జర చూడు."

శనివారం ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. నేను టీ పెట్టే నెపంతో అక్కడే ఉన్నాను. పరాయింటి పిల్ల మన పిల్లకు ఏం చెబుతుందో ఒక కంట చూద్దామన్నది నా ఉద్దేశం. లాస్య ఎనిమిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది కాబట్టి తెలుగు బాగానే వచ్చు. కావ్యకు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే చెబుతుంది. లాస్య పుస్తకం తీయలేదు. త్రిత్వం అంటే ఏంటో నీ మాటల్లో చెప్పు అంది. కావ్య నసుగుతుంటే నేను ఆగలేకపోయాను. ఈ పాఠం నేను ఎంతమంది పిల్లలకు చెప్పానో.

"నీళ్ళున్నాయి కదమ్మా. గడ్డకడితే మంచు, కాస్తే ఆవిరి. మూడు రూపాలు, నీళ్ళు ఒకటే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కూడా అంతే."

లాస్య మొహమాటంగా నవ్వింది. "అంకుల్, గట్ల రాస్తె మార్కులు పోతయ్."

"ఎందుకు పోతాయి?"

"నీళ్ళు మంచైనంక నీళ్ళుండవు కదా. ఒకటే మూడు వేషాలు ఏసినట్టు అయితది. సంఘం మొదట్లనే అది తప్పని చెప్పింది. తండ్రి కొడుకు కాడు, కొడుకు ఆత్మ కాడు, అయినా ముగ్గురూ ఎప్పుడూ ఉన్నరు, దేవుడు మాత్రం ఒక్కడే. మిసెస్ కీగన్ దీనికి అసలు ఉదాహరణే వద్దన్నది."

కావ్య తల వంచుకుని పెదవి కొరుక్కుంటోంది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. నేను వెనక్కి తిరిగి టీ వడకట్టాను. పన్నెండేళ్ళు. గుంటూరులో నాకు చెప్పినాయన కూడా ఇదే చెప్పారు. ఆయనకు చెప్పినవాళ్ళు ఎవరో.

ఆ రోజు నుంచి నేను చూడటానికి కాక వినటానికి కూర్చున్నాను. లాస్య పద్ధతి ఒకటే. ప్రతి నమ్మకానికీ రెండు ప్రశ్నలు వేస్తుంది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? దీంతో మనిషి ఏం చేస్తాడు? ఆ రెండూ చెప్పలేకపోతే తర్వాతి పేజీకి పోనివ్వదు. తను కూడా మొదట్లో దేవుడు మనిషి కావటం అన్నది మన అవతారాల్లాంటిదే అని రాసిందట. టీచర్ కొట్టేశారట. అవతారం పని అయిపోయాక వెళ్ళిపోతుంది, ఈయన మనిషిగా పుట్టి, చచ్చి, లేచి, ఇప్పటికీ మనిషిగానే ఉన్నాడని వీళ్ళంటారు, తేడా అక్కడుంది అని లాస్య చెప్పింది. మళ్ళీ తనే, మా నానమ్మకు గీ తేడా చెప్తే ఏ పేరైతేంది పొమ్మన్నది అని నవ్వింది. నాకు ఆ నానమ్మ మాట కూడా మనసులో ఉండిపోయింది. తప్పో ఒప్పో నాకు తెలియదు.

మూడో శనివారం సంస్కారాల పాఠం, అంటే బాప్తిస్మం లాంటి పవిత్ర కర్మలు. కాథలిక్కులకు ఏడు, మాకు రెండు. మా లెక్క రాస్తే ఈ పేపరులో కుదరదు అని నేనే ముందుగా ఒప్పేసుకున్నాను. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం దగ్గరికి వచ్చాక లాస్య కావ్యను వదిలేసి నన్ను అడిగింది. పరీక్ష కోసం అడిగింది కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అంకుల్, మీరు ఆ రొట్టె తింటరు కదా. తినేటప్పుడు ఏమనుకుంటరు?"

నేను బైబిల్ వాక్యం ఒకటి చెప్పాను. అది కాదంకుల్, మీరు ఏమనుకుంటరు అంది. నేను పొయ్యి మీద ఏదో మాడుతోందన్నట్టు లేచాను. నిజం ఏంటంటే, మా ఆరాధనలో పళ్ళెం పంచేది నేను. రొట్టె నోట్లో వేసుకునేటప్పుడు వెనక వరుస దాకా సరిపోతుందా అని చూసుకుంటాను. ఇన్నేళ్ళుగా అనుకున్నది అదే. ఆ మాట లాస్యకు చెప్పలేకపోయాను. నాగమణికి చెప్పాను. ఆమె నవ్వలేదు.

ఆ వచ్చే సోమవారం నుంచి నేనూ చదవడం మొదలుపెట్టాను. కావ్య పాత నోట్సు, ఒక డిక్షనరీ వ్యాన్‌లో పెట్టుకున్నాను. అప్పుడు దూడలు పుట్టాక పాలు ఎక్కువగా వచ్చే కాలం, ఊపిరి సలపని పని. మధ్యాహ్నం తిండి పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో ఒక పేజీ. ఒకరోజు ఒక పాకలో యంత్రం రబ్బర్లు మారుస్తూ నాలో నేను చెప్పుకుంటూ ఉంటే ఒక సంగతి తట్టింది. పాలు సరిగ్గా రావటం లేదని రైతు ఫోన్ చేస్తే, యంత్రం మంచిదే, నమ్మండి, మా ఇంటి పక్కాయనకు బాగా పనిచేసింది అని చెప్పి వచ్చేస్తానా? గాలి ఎక్కడ లీకవుతోందో వేలుపెట్టి చూపిస్తేనే నాకు ఆ పాకలో విలువ. ఆవుల దగ్గర ఇంత కచ్చితంగా ఉండేవాణ్ణి, దేవుడి దగ్గర ఎందుకు లేను?

అయినా ఒక్క విషయంలో నేను మెత్తబడలేదు. కావ్య రాసే ప్రతి జవాబులోనూ 'వాళ్ళు నమ్ముతారు' అని ఉండేది. లాస్య రాసిందంటే అర్థముంది. నా కూతురు రాయటమేంటి? 'మేం నమ్ముతాం' అని దిద్ది ఇచ్చేవాణ్ణి. అది మళ్ళీ 'వాళ్ళు' అనే రాసేది. నర్సయ్య కొట్టు మా వీధిలోనే అయినా ఇల్లు ఊరి అవతల. నాలుగో శనివారం లాస్యను ఇంటి దగ్గర దింపి తిరిగొస్తుంటే కారులో కావ్యను గట్టిగా అడిగాను. క్రీస్తును గురించి రాస్తూ వాళ్ళు అంటే ఎవరమ్మా, నువ్వు వాళ్ళల్లో లేవా అని.

అది కిటికీ వైపు తిరిగింది. ట్రాఫిక్ లైటు దగ్గర ఆగాం.

"డాడీ, అమ్మ ఆపరేషన్ అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నేను ప్రేయర్ చెయ్యలా. ఐ వాజ్ జస్ట్ స్కేర్డ్. బెడ్ వెనక దాక్కున్నా. ఆ పేపర్‌లో రాసింది మీ సాక్ష్యం. నాది కాదు."

"మరి నీదేంటి?"

"ఇంకా తెలీదు. బట్ 'దే బిలీవ్' అని రాస్తే నేను లై చెయ్యట్లేదు కదా."

లైటు పచ్చగా మారింది. వెనక కారువాడు ఓపిగ్గా ఆగాడు, ఇక్కడ త్వరగా హారన్ కొట్టరు. సాక్ష్యంలో అబద్ధం ఉండదని ఈ పిల్లకు చెప్పి పంపింది నేను. నా మాట నిలబెట్టాలని ఇది రెండున్నర పేజీల అబద్ధం రాసి వచ్చింది. నేను కారు పోనిచ్చాను. ఆ సాయంత్రం ప్రార్థనలో కావ్య కోసం పెద్దగా ప్రార్థించాలనుకున్నాను. కానీ తను వింటూ ఉంటుంది కదా, అది ప్రార్థన అవుతుందా, పాఠం అవుతుందా అని సందేహం వచ్చి మనసులోనే అనుకున్నాను.

మర్నాడు దాని నోట్సు తీసుకుని నేను దిద్దిన 'మేం'లన్నీ నేనే కొట్టేశాను. కావ్యను పిలిచి, నువ్వు 'వాళ్ళు' అనే రాయమ్మా, కానీ వాళ్ళేమంటారో ఒక్క ముక్క తప్పిపోకుండా రాయాలి, నాకు అర్థమయ్యేలా చెప్పాలి అన్నాను. అది నా వైపు అనుమానంగా చూసింది. అప్పటి నుంచి రోజూ ప్రార్థన అయ్యాక అరగంట నేను ఏమీ తెలియనివాణ్ణి, అది టీచరు. క్రీస్తు పేరే వినని రైతు ఒకడు పాకలో నిలబడి అడుగుతున్నాడనుకో అనేవాణ్ణి. ఎక్కడి నుంచి వచ్చింది? దీంతో మనిషి ఏం చేస్తాడు? అది చెప్పేది సగం ఇంగ్లీషు. నాకు అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించేవాణ్ణి. సండే స్కూల్లో అయితే నేను శభాష్ అని మెచ్చుకునే మాట వచ్చినప్పుడల్లా, ఎందుకు అని అడిగేవాణ్ణి. కొన్ని రోజులు అది విసుక్కుని లేచిపోయింది. నేను మర్నాడు మళ్ళీ అదే ప్రశ్నతో మొదలుపెట్టాను. నవంబరు వచ్చేసరికి నేను ప్రశ్న వేయకముందే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజైతే, యూ ఆర్ ఎ వెరీ స్టబర్న్ ఫార్మర్ అంది.

ఈ మధ్యలో సండే స్కూలు పిల్లలకు కూడా చెప్పాల్సింది చెప్పాను. నీళ్ళు, మంచు, ఆవిరి అని చెప్పాను కదా, అది మర్చిపోండి అన్నాను. మరి దేనిలా ఉంటుంది అని అడిగారు. దేనిలాగానూ ఉండదంట అన్నాను. పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళలో ఒకరి తల్లి మాత్రం అన్నయ్యగారూ, పాతదే బాగుందండీ, తేలిగ్గా ఉండేది అంది.

పరీక్ష రోజు పొద్దున మా వైకాటో ప్రాంతపు పొగమంచు దట్టంగా పట్టింది. లాస్యను కూడా ఎక్కించుకుని స్కూలు గేటు దగ్గర దింపాను. లాస్య బొట్టు సరిచూసుకుని దిగిపోయింది. కావ్య దిగలేదు. ఏ పరీక్షకైనా తల మీద చెయ్యి పెట్టి పెద్ద ప్రార్థన చేయటం నా అలవాటు. ఆ రోజు చేయకూడదని నిశ్చయించుకుని స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాను.

"డాడీ, ప్రేయర్ చెయ్యవా?"

చేశాను. దీనికి తెలిసింది దీన్ని రాయనివ్వు ప్రభువా అన్నాను. అంతటితో ముగించాను. కావ్య ఆమెన్ అని తలుపు తీసుకుని పరుగెత్తింది.

జనవరి మధ్యలో ఫలితాలు వచ్చాయి. కావ్యకు మెరిట్, మామూలు పాస్ కన్నా ఒక మెట్టు పైన. మూడో సబ్జెక్టు గట్టెక్కింది, యూనివర్సిటీలో చేరే అర్హత వచ్చింది. ఫోను పట్టుకుని అది వంటింట్లో నిలబడిపోయింది, నాగమణి దాన్ని పట్టుకుని ఏడ్చింది. నేను నర్సయ్య కొట్టుకు పరుగెత్తాను. లాస్యకు మళ్ళీ ఎక్సలెన్స్. నర్సయ్య బాగైన ఫ్రీజర్ తలుపు తీసి నాకో ఐస్‌క్రీమ్ చేతిలో పెట్టాడు.

"మీ దేవుని పేపర్ల మా పిల్లనే ఫస్టు. రాసిపెట్టుకో అన్నా."

రాసిపెట్టుకుంటానన్నాను.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘపెద్ద మహిధర్ గారికి విషయం ముందే తెలిసిపోయింది. దేవుడు చేసిన మేలు చెప్పమ్మా అంటూ కావ్యను పేరు పెట్టి పిలిచారు. అందరూ వెనక్కి తిరిగారు. కావ్య లేవలేదు, నా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. పదేళ్ళుగా నేను సైగ చేస్తే లేచి నిలబడి చెప్పిన పిల్ల అది. నేను సైగ చేయలేదు. నేనే లేచాను.

"మా అమ్మాయి పాసయింది, దేవునికి స్తోత్రం. దాని సాక్ష్యం ఇవాళ లేదు. ఉన్ననాడు అదే లేచి చెబుతుంది. ఈ చదువు చెప్పింది లాస్య. ఆ పిల్లకు అందరూ థాంక్స్ చెప్పండి."

లాస్య ఏ సంఘం అని ముందు వరుసలో ఎవరో అడిగారు. మా వీధి డైరీ నర్సయ్య గారి అమ్మాయి అన్నాను. ముందు వరుసవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత నాగమణి చప్పట్లు కొట్టింది, ఆమె పక్కవాళ్ళు కొట్టారు, చివరికి మహిధర్ గారు కూడా కొట్టారు.

అది నెలలో ప్రభు భోజనం ఉండే ఆదివారం. పళ్ళెం పంచే పని ఈసారి వేరే వాళ్ళకు ఇవ్వమని ముందే అడిగాను. నా వరుసలో, నా వాళ్ళ మధ్య కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. ఒక ముక్క తీసుకున్నాను. కావ్య కూడా తీసుకుంది. వెనక వరుస దాకా సరిపోతుందా అని తల తిప్పబోయి ఆగాను. మీరు ఏమనుకుంటరంకుల్ అని లాస్య అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. ముక్కను అరచేతిలోనే ఉంచుకుని కాసేపు చూశాను. పక్కన కావ్య కూడా తినకుండా తన ముక్క వైపే చూస్తోంది. నేను తొందరపెట్టలేదు.